దొరవారి పాలైన మన జీపు

బావగారికి,

ఈ ఉత్తరం కూర్చుని చదవండి. మీ జీపు క్షేమంగానే ఉంది. కాకపోతే ఇక మీది కాదు.

పోయిన వారం ఎప్పట్లాగే సందర్శకుల్ని ఎక్కించుకుని, గని దొర బంగళా చూపించి, పాత గనుల చిత్తడిలోకి అడ్డదారిన పోనిచ్చాను. జీపు బానెట్ దాకా బురదలో దిగబడింది. అందర్నీ గట్టెక్కించానో లేదో, వేరే బృందం వచ్చి "ఇదేమిటండీ?" అని అడిగింది. పరువు పోతుందని నోటికొచ్చింది చెప్పేశాను: "గని దొరవారు పోయింది ఇందులోనేనండీ." నా ఖర్మ కొద్దీ వాళ్లలో పురావస్తు అధికారి ఒకాయన ఉన్నాడు.

తెల్లారేసరికి జీపు చుట్టూ తాడు కట్టి బోర్డు పెట్టేశారు. మా బావగారిదని మొత్తుకుంటే, "దొరల ఆస్తి మీ బావదెలా అవుతుందయ్యా?" అని నన్నే గద్దించారు. జీపులో ఉండిపోయిన అక్క టిఫిను డబ్బా దొరసాని నగల పెట్టె అయింది.

మీరు క్రేను తెస్తానన్నారని అక్క చెప్పింది. తేవద్దు. వారసత్వ సంపద ఎత్తుకెళుతున్నారని పట్టుకుంటారు. మామూలుగా టికెట్టు తీసుకుని రండి, నేనే దగ్గరుండి చూపిస్తాను.

డ్యాష్‌బోర్డు మీద టోపీతో మీ ఫొటో ఉండేది కదా, దాని కింద "దొరవారు" అని రాశారు. వచ్చినవాళ్లంతా చేతులు కట్టుకుని నిలబడుతున్నారు. మా ఇంట్లో మీకు ఏనాడూ దక్కని మర్యాద అది. అక్కను కూడా తీసుకురండి, కళ్లారా చూస్తుంది.

ఒక్కటే మనవి. టోపీ మాత్రం పెట్టుకోకండి. మీరు పోయి డెబ్బై ఏళ్లయిందని రోజూ చెబుతున్నాను.

మీ బావమరిది