మంచులో రెండో పళ్ళెం

డిసెంబరు 29
మళ్ళీ మంచు. రేవు మెట్ల మీద నిలబడితే నా కాళ్ళే నాకు కనపడవు. ఏటి మధ్యలో ఎక్కడో మా ఆయన... ఇంజను చప్పుడుంది, నావ లేదు. ఇత్తడి పళ్ళెం కొడుతూనే ఉన్నాను. ఆ చప్పుడు పట్టుకునే నావ రావాలి. రేవు తాకేదాకా చెయ్యి ఆపకూడదు. మామగారు ముప్ఫై ఏళ్ళు చేసిన పని. కార్తీకంలో ఆయన పోయాక నా నెత్తిన పడింది. సైన్సు టీచర్ని, పళ్ళెం వాయించేదాన్నయ్యాను. బాగుంది సంబడం.

డిసెంబరు 30
ఎనిమిదో తరగతికి మంచు పాఠం. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే నేల వేడి పైకి పోతుంది, నేలను ఆనుకున్న గాలి చల్లబడుతుంది, అందులోని తేమ దుమ్ము రేణువుల మీద సన్నటి నీటి చుక్కలై తేలుతుంది. పైన తేలితే మబ్బు, కింద తేలితే మంచు. వెనక బెంచీ పిల్ల లేచింది — "అయితే పొద్దున్న మబ్బులోంచి నడిచొచ్చేమాండీ?" ఆయ్, అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు.

జనవరి 2
అన్నం తింటూ ఆయన — "మొత్తానికి నాన్న కొట్టినట్టే నేర్చేసుకున్నావే. రెండు దెబ్బలు, ఆగి ఒకటి."
నేనలా కొట్టలేదు. ఆ పద్ధతి నాకు రాదు. ఆపకుండా టకటకా బాదడమే.

జనవరి 3
చెప్పేశాను. నవ్వారు. "మరి దక్షిణం నుంచి వినపడిందేంటి?"
దక్షిణాన రేవు లేదు. ఇసుక తిప్ప, అది దాటితే మొగ, ఏరు సముద్రంలో కలిసే చోటు. మామగారిని దహనం చేసింది ఆ తిప్ప మీదే.

జనవరి 4
పుస్తకాలు తిరగేశాను. మంచు రోజుల్లో కింద చల్లగాలి, పైన వెచ్చటి గాలి. చప్పుడు పైకి పోలేక వంగి కిందికే వస్తుంది, చాలా దూరం పోతుంది. అదీ సంగతి, నా పళ్ళెమే... మరి మధ్యలో ఆ ఆగడం ఎక్కడిది?

జనవరి 6
ఎండ. మంచు లేదు. బతికాను.

జనవరి 7
రేపు మళ్ళీ పడేలా ఉంది. ఆ రెండో పళ్ళెం వినపడితే అటు పోకండి, మీకు దణ్ణం పెడతాను అన్నాను.
"నాన్న నన్ను మొగలోకి పంపుతారేంటే, పిచ్చిదానా."
నాకు భయంగా ఉంది.

జనవరి 8, ఉదయం
ఏడున్నర. పాటు మొదలైంది, నీళ్ళన్నీ సముద్రానికే లాగుతున్నాయి. మొదటి ట్రిప్పు అవతల దింపేసి, ఒక్కణ్ణే వస్తున్నా అని ఫోను చేశారు. పది నిమిషాల దారి. ముప్పావుగంటయింది. ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు.
ఇంజను చప్పుడు బాగా దగ్గరికొచ్చింది... దక్షిణానికి తిరిగింది. సత్తిబాబూ అని అరిచాను. మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం ఇదే మొదలు. రెండు, ఆగి ఒకటి — అలా కూడా కొట్టాను. చేతులు బొబ్బలెక్కాయి. అత్తయ్యగారు "ఇటివ్వమ్మా" అని పళ్ళెం అందుకున్నారు. మెట్టు మీద కూర్చుని ఇది రాస్తున్నాను, ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుంది.
ఆవిడ ఆపేశారు.
ఆపకూడదు కదండీ, అన్నాను.
"మీ మామగారు కొడతన్నారు కదమ్మా. ఇద్దరం కొడితే పిల్లాడు తికమకపడతాడు."
పళ్ళెం ఒళ్ళో పెట్టుకున్నారు. అడిగితే ఇవ్వడం లేదు.