నా గడ్డ గురించి నన్నడగలేదు

మంగళవారం, రాత్రి

కోపం ఇంకా దిగలేదు. నా క్లోమం మీద ఉన్న గడ్డ చాలా అరుదైన రకమట. ఇప్పుడే ఆపరేషన్ చేసి తీసేయొచ్చు, లేదా ఆర్నెల్లకోసారి స్కానింగ్ చేస్తూ కనిపెట్టుకుని ఉండొచ్చు, రెండింటిలోనూ ప్రమాదం ఉంది, మీరే తేల్చుకోండి అన్నాడు డాక్టరు. ‘మీరే’ అన్నప్పుడు చూసింది మాత్రం మా ఆయన వైపు.

ఆయన వరండాలోకి వెళ్లి, ఏర్గట్లలో ఉన్న మా బావగారికి ఫోన్ చేసి వచ్చాడు.

"ఆపరేషన్ ఇప్పుడొద్దు సార్. మా అన్న గూడ గదే అంటుండు. పసుపు పని అయినంక చూస్తం."

పసుపు పని ఎవరి చేతుల మీద నడుస్తుందో ఆయనకు తెలియదా? నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. చేయించుకోవాలో వద్దో నాకూ తెలియదు. భయంగానే ఉంది. కానీ ఒక్కమాట నన్ను అడిగితే ఏం పోయేది?

ఆర్మూర్‌లో బస్సు దిగి కళ్లానికి వెళ్లేసరికి కడాయిలో పసుపు ఉడుకుతోంది. కొమ్ములో పుల్ల గుచ్చి, ఉడికిందో లేదో చెప్పేది మా ఇంట్లో ఎప్పుడూ నేనే. నేను చెప్పందే ఎవరూ కొమ్ములు బయటికి తీయరు.

"జర చూసి చెప్పు, తీపిస్త," అంటూ ఆయన పుల్ల అందించాడు.

"గిది గూడ మీ అన్ననే అడుగు," అన్నాను.

కూలీలు పని ఆపేశారు. ఆయన తనే పుల్ల గుచ్చాడు. ఏమీ తేలక, నా మాట కోసం నా వైపు చూశాడు.

పొద్దున డాక్టరు ముందు చూడాల్సిన చూపు అది.