కుక్కకు నాలుగో కాలు

తమ్ముడూ, హాల్లో ఆరేసిన టీషర్టుల్లో ఒక్కటి కూడా కవర్లో పెట్టకు. బొమ్మ అచ్చేసే స్క్రీన్ కడిగెయ్. అసలు బొమ్మ నా బీరువాలో పెట్టి తాళం వేశాను, వెతక్కు.

చందాదారులకు నెలనెలా మనం పంపే టీషర్టుకు ఈ నెల బొమ్మ వేసిచ్చినావిడ పొద్దున్నే ఫోన్ చేసింది. అచ్చయిన టీషర్టు ఫొటో పంపిన పాపానికి నన్ను నిలబెట్టి కడిగేసింది. ఆవిడ కుక్కకు మూడే కాళ్లురా! నాలుగోది లారీ కింద పోయింది. అయినా అది గంతులేస్తుందనే ఆ బొమ్మ వేసింది. నిన్ను లేపి అడిగితే, "వెయ్యడం మర్చిపోయిందేమోలే అక్కా, నేనే సర్దేశా" అని మళ్లీ ముసుగు తన్నావు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనేవాళ్లను చూశాను గానీ, పరాయివాళ్ల కుక్కకు నాలుగోది అతికించేవాణ్ణి నిన్నే చూశాను.

సాయంత్రం ఆవిడ ఇంటికే వస్తోంది. బొమ్మ వెనక్కి తీసుకుంటానంటోంది. అదే జరిగితే ఈ నెల చందాదారులకు పంపడానికి మన దగ్గర గుడ్డ తప్ప ఏమీ ఉండదు. ఆ తర్వాత ఏ చిత్రకారుడూ మన గడప తొక్కడు. నేను కొత్త టీషర్టుల కోసం బజారుకు పోతున్నాను. తలుపు నువ్వే తియ్యి, క్షమాపణ నువ్వే చెప్పు. మీ బావ వెనక దాక్కున్నావో, రాత్రికి నీ పక్క వీధిలోనే.

వచ్చే నెల బొమ్మ నీచేతే వేయిద్దామనుకున్నాను. ఇప్పుడు అడగను. ఆ కాలు ఎంత బాగా కలిపేశావంటే, ఫొటో పంపేటప్పుడు నాకే తెలియలేదు. ఒళ్లు మండుతున్నది అందుకే.