రెండో తాళంచెవి

ప్రియమైన తమ్ముడికి,

తాళాల మామయ్య పోయి నెల దాటింది. నాన్నకు ప్రాణస్నేహితుడు, మనకు సొంత మామయ్య కంటే ఎక్కువ. ఏడవాల్సింది పోయి, తలుపు వంక చూస్తూ కూర్చుంటున్నాను. అత్తయ్య కొట్టు ఖాళీ చేసి, అందులోని తాళంచెవులన్నీ పాత ఇనుము వాడికి తూకానికి ఇచ్చేసింది. మన ఇంటి రెండో తాళంచెవి కూడా అందులో పోయినట్టేగా! ఉన్న ఒక్క చెవీ పారేసుకుంటే పిల్లలు బయటే ఉండిపోతారని అమ్మకెంత బెంగ! "ఇంకోటి నా దగ్గరుంది చెల్లెమ్మా, నిశ్చింతగా వెళ్లు" అని మామయ్య అంటేనే కదా ఉద్యోగానికి వెళ్లేది. అమ్మ కూడా లేని ఈ ఇంట్లో ఒక్కదాన్ని. మెట్ల మీద ఎవరు దగ్గినా ఆ చెవి పట్టుకుని ఎవరో వచ్చారనిపిస్తోంది. ఆయన బిగించిన తాళం పీకించి కొత్తది పెట్టిస్తాను. ఏమంటావు?

నీ అక్క

అక్కా,

అచ్చం అమ్మ పోలికే నీది. ఆ తాళం జోలికి వెళ్లకు, నీకు పుణ్యముంటుంది. నేను చెవి పోగొట్టిన రోజు గుర్తుందా? "ఇద్దరూ అటు తిరగండి, నా చెవి ఎవరికీ చూపించను" అన్నాడు మామయ్య. గోడకేసి తిరిగాం. టక్కున తలుపు తెరుచుకుంది. దొంగచూపు చూడబోయి నువ్వు మొట్టికాయ కూడా తిన్నావు. ఆ తాళం పీకిస్తే ఇంట్లో ఆయన చేతి గుర్తు ఇంకేం మిగులుతుంది? అన్నట్టు, అమ్మ గుత్తిలో దేనికీ పట్టని ఇత్తడి చెవి ఒకటుండేది. అదేనేమో చూడు.

నీ తమ్ముడు

తమ్ముడూ,

అది మన తలుపుకు పట్టలేదు. బీరువాకూ పట్టలేదు, పెట్టెకూ పట్టలేదు. చిరాకొచ్చి గుత్తి విసిరికొట్టాను. రేపు తాళం మార్చే మనిషి వస్తానన్నాడు. నీ మాట కాదనలేక ముందు ఆ ఇత్తడి చెవి అత్తయ్యకు చూపించి అడిగి వస్తాను.

అక్క

అక్కా,

ఏమైంది? ఒక్క ముక్క రాయవేం? మార్చేశావా? పనిలో మనసు నిలవడం లేదు.

తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,

తిట్టుకోకు, రాద్దామంటే చెయ్యి ఆడలేదు. నేను వెళ్లేసరికి అత్తయ్య ఇంటికి తాళం వేసి ఉంది. ఊరికే నిలబడలేక ఆ ఇత్తడి చెవి పెట్టి చూశాను. తిరిగింది! వెనకనుంచి కూరల సంచితో అత్తయ్య, "మొత్తానికి దాని తలుపు దొరికిందే నీకు!" అంది.

మామయ్య దగ్గర మన చెవి ఎప్పుడూ లేదట. పరాయి ఇంటి చెవి అట్టే పెట్టుకోవడం వాళ్ల పనిలో తప్పట. ఆ రోజు తీగ పెట్టి తీశాడు, మనల్ని అటు తిరగమన్నది అందుకే. అమ్మ ధైర్యం కోసం అబద్ధమాడాడు. ఆడాక మనసొప్పక, "నీది నా దగ్గరుంటే నాది నీ దగ్గరుండాలిగా" అంటూ తన ఇంటి చెవి తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు.

నెల రోజులుగా రాని ఏడుపు ఆ గుమ్మంలో వచ్చింది. తిరిగి ఇవ్వబోతే అత్తయ్య పుచ్చుకోలేదు. "ఉంచుకోవే. నేను లోపల పడిపోతే ఎవరు తీస్తారు?" అంది.

తాళం మార్పించలేదు. వచ్చిన మనిషి చేత మన తలుపుకు ఇంకో చెవి చేయించి, అత్తయ్యకు ఇచ్చి వచ్చాను. మామయ్య అమ్మతో అన్న మాట ఇన్నాళ్లకు నిజమైందిరా.

నీ అక్క