నా శనివారం తగాదా

4 జులై 1911, మంగళవారం

ఇవాళ కళ్ళు తెరుచుకున్నాయి. ఈ చెరకు దీవికి కూలి ఓడ ఎక్కేముందు మదరాసు డిపోలో కొన్న భాషల పాంఫ్లెట్‌లో తేమకి అతుక్కుపోయిన రెండు పేజీలను విడదీశాను. అరబ్బులు, యూదులు, హబషీ దేశంవాళ్ళు మాటలను మూడు హల్లులతో కడతారట. హల్లులు కదలవు. అచ్చులు మారితే మాట మారుతుంది. అరబ్బుల స యూదుల నోట ష అవుతుంది, సలాం షాలోం అయినట్టు. స-బ-త తీసుకుంటే అసలు అర్థం ఆగడం. యూదులది షబ్బత్, అరబ్బులది సబ్త్. హబషీలు మధ్యలో న దూర్చి సన్‌బత్ అన్నారు. అన్నీ పని ఆపే రోజు పేర్లే!

పక్క గది మస్తాన్ సాయిబుకి ఖురాను కంఠస్థం. పరిగెత్తి అడిగాను. సబ్త్ అంటే శనివారమే, సుబాత్ అంటే విశ్రాంతి, నిద్ర, అన్నీ చెబుతాగానీ ముందు నా రొట్టె మీంచి లేవరా అప్పన్నా అన్నాడు.

మరి శనివారం ఒంటిపూట మా చేత చెరకు నరికించడం ఏమిటి? ఇన్ని వేల ఏళ్ళ ప్రూఫ్ ఉండగా!

5 జులై

మునియమ్మక్క తిట్టింది. మా కూలీల గదుల లైన్లో నాకింత వండిపెట్టేది ఆవిడే, నా పెళ్ళి మాటలు నడిపేదీ ఆవిడే. పదహారో తేదీ ఆదివారం వునిమోలి ఊరి నుంచి సుబ్బయ్యగారు, కూతురు నూకాలుతో నన్ను చూడడానికి వస్తున్నారు. అందాకా ఆ నోటికి తాళం వెయ్యరా నాయనా, ఈ పిల్ల తప్పితే ఈ దీవిలో నీకు ఇంకో పిల్ల లేదు అంది.

నూకాలును ఒక్కసారే చూశాను. లంబాసా బజారులో తక్కెడ కింద వేలు పెట్టిన షాపువాణ్ణి నలుగురిలో నిలబెట్టి కడిగేస్తోంది. ఆ రోజు నుంచి నాకు సుబాత్ లేదు.

అయినా జస్టిస్ జస్టిసే.

10 జులై, సోమవారం

స్ట్రైక్‌కి పిలిచాను. ఒక్కడూ రాలేదు. అందరం ఆగాలి అంటే, ముందు నువ్వు ఆగరా బాబూ అన్నాడు ఎవడో చీకట్లోంచి. పిరికివాళ్ళు.

13 జులై, గురువారం

గెలిచాను!!!

మా ఓవర్సీరు దొరను లైన్లలో కులంబర్ అంటారు. ఆయన గుర్రానికి అడ్డంగా నిలబడి హిందీతో, చేతులతో, వచ్చినంత ఇంగ్లీషుతో మొత్తం చెప్పాను. మా కూలీల మేస్త్రీ సర్దార్ కర్ర ఎత్తాడు. దొర వద్దన్నాడు. బైబిలు మనిషి. స-బ-త దగ్గర తల కూడా ఊపాడు. నువ్వన్నది నిజమే, నీకు శనివారమంతా రెస్ట్ అన్నాడు. జ్ఞానం ముందు కర్ర ఎంత?

14 జులై

ఆదివారం నేను పని చెయ్యాలట. తొమ్మిది గంటలు. నేనొక్కణ్ణే.

నీ సబ్బత్ నీకిచ్చాను, ఇంక నా సబ్బత్ ఆదివారం కూడా నీకెందుకు అన్నాడట దొర. ఈ మాట చెబుతూ సర్దార్ నవ్వలేక గట్టు మీద కూలబడ్డాడు. చట్టంలో ఆదివారం పని లేదు అన్నాను. శనివారం రెస్టూ లేదు కదరా పండితుడా అన్నాడు.

ఆ ఆదివారమే పెళ్ళిచూపులు కదా, మునియమ్మక్క గరిటె విసిరింది.

15 జులై, శనివారం

రెస్ట్. అందరూ పనికి పోయారు, మాట్లాడడానికి మనిషి లేడు. స-బ-త గురించి కోడికి చెప్పాను. వెళ్ళిపోయింది.

16 జులై, ఆదివారం సాయంత్రం

చేతులు బొబ్బలెక్కాయి, అయినా రాయాలి.

పొద్దెక్కాక గట్టు మీదికి మునియమ్మక్క, సుబ్బయ్యగారు, నూకాలు వచ్చారు. వెనక మస్తాన్ సాయిబు, నాకు సాయానికని తన కత్తి పట్టుకుని. నేను ఒంటినిండా చెరకు నూగుతో నిలబడ్డాను. అబ్బాయి ఏం నేరం చేశాడు అని అడిగారు సుబ్బయ్యగారు. నేరం కాదండీ, వ్యాకరణం అన్నాడు మస్తాన్ సాయిబు. తగ్గుతుందా అన్నారాయన.

నూకాలు మాత్రం సూటిగా నన్నే అడిగింది. శనివారం మీ ఒక్కరికే అడిగారా, అందరికా? అందరికీ అన్నాను. మరి అందరూ ఏరీ అంది. నేను మూడు హల్లుల దగ్గర నుంచి మొదలుపెట్టాను. స, ష దాకా వచ్చేసరికి ఆ పిల్ల చెంగు బిగించి, మస్తాన్ సాయిబు చేతిలో కత్తి లాక్కుని, అవతలి చివర నుంచి నరకడం మొదలెట్టింది. ఈయన చెప్పడం అయ్యేసరికి చీకటి పడుతుంది, ముందు చెరకు కానివ్వండి అంది. కూతురు వంగాక తండ్రి నిలబడి చూస్తాడా? అందరూ దిగారు. కట్టలు కడుతూనే సుబ్బయ్యగారు మా ఇంటిపేరు, మేనమామల ఊరు అడిగారు. కట్టలు మోస్తూనే నేను చెప్పాను.

అంతలో చర్చి నుంచి బండిలో దొర, దొరసాని వస్తున్నారు. వాళ్ళ పండగపూట అయిదుగురం వంగి నరుకుతున్నాం. అందులో ఇద్దరు, సుబ్బయ్యగారూ నూకాలూ, గిర్మిట్ కూలి ఒప్పందం లేని ఫ్రీ మనుషులు. దొరసాని మమ్మల్ని చూపించి దొరను ఏదో గట్టిగా అంది. దొర మొహం కందిపోయింది. ఆపండి, ఆపండి అని బండిలోంచే అరిచాడు.

ఆగడం! స-బ-త! దొర నోటే! నేను ఎగిరి గంతేశాను. నూకాలు గెడల మీద వాలి నవ్వింది.

17 జులై

దొర నా శనివారం వెనక్కి తీసుకున్నాడు.

19 జులై, బుధవారం

వునిమోలి కబురు. సుబ్బయ్యగారు సరే అన్నారు! నూకాలుది మాత్రం ఒక షరతు. వారంలో ఒక రోజు నేను ఎవరితోనూ, దేనికీ వాదించకూడదు. ఏ రోజో ఆయనకే బాగా తెలుసు అందట. ఈ శనివారమే పరీక్ష. తప్పితే సంబంధం లేదు. కాపలా మునియమ్మక్క.

22 జులై, శనివారం

పొద్దుటినుంచి ఒక్క మాట జారలేదు. భూమి బల్లపరుపు అన్నాడు సర్దార్. ఊరుకున్నాను. ఇలా రాసుకోవడం వాదించడం కిందికి రాదు, ఎందుకంటే... ఆగాను!