ఈగ పక్కన నీ వేలు

మల్లన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. గల్ఫ్‌లో, ముసఫా లేబర్ క్యాంపులో మన రూము ముందు, నీ తులసి కుండీ మీద వాలిన ముళ్ల వెంట్రుకల ఈగ గుర్తుందా? నువ్వు తీసిన ఆ ఫొటోని, ఈగ పేరేంటో చెప్పమని ఆన్‌లైన్‌లో పురుగుల గ్రూపులో పెట్టాను. జవాబొచ్చింది: "వీపు మీది వెంట్రుకలు కనపడాలి. వేలు అడ్డమొచ్చింది. ఇంకోటి పంపండి."

చెబితే విన్నావా? "సైజు తెల్వాలె గదరా తమ్మీ" అని ప్రతి ఈగ పక్కనా వేలు పెట్టేవాడివి. ఎంత విసుక్కున్నానో!

ఇవాళ ఫొటోని పెద్దది చేసి చూశాను. చిట్లిన గోరు, వెల్డింగ్‌లో కాలిన మచ్చ. ఈగ పేరు తేలలేదు గానీ, ఆ వేలు ఎవరిదో నాకెవరూ చెప్పక్కర్లేదు.

వేలు లేని ఫొటో ఒక్కటీ లేదని వాళ్లకు రాశాను.

నీ తమ్ముడు