నీళ్ళు తేరుకున్నాక

అన్నయ్యా,

అందరం బాగున్నామని రాయడానికి ఈసారి చెయ్యి రావడం లేదు. నిన్న వదిన ఫోన్ చేసి, "ఎర్రనీళ్ళు పోయి నెలయింది, సముద్రం అద్దంలా ఉంది. ఆల్చిప్పలు మళ్ళీ పెంచుకోవచ్చని మీ మత్స్యశాఖ రిపోర్టులో ఒక్క ముక్క రాసిస్తే నీ సొమ్మేం పోయింది?" అని అడిగింది. ఆ జవాబు నీకే రాస్తున్నాను.

నీళ్ళు తేటగానే ఉన్నాయి. కానీ వాటిని ఎర్రగా మార్చిన సూక్ష్మజీవులు చచ్చిపోలేదు. తిండి దొరికినన్నాళ్ళూ అవి ఒక్కొక్కటీ రెండుగా చీలి పెరుగుతాయి. తిండి కరువైతే రెండేసి జతకట్టి ఒక్కటైపోతాయి. చుట్టూ గట్టి పెంకు కట్టుకుని, అడుక్కి దిగి, ఏళ్ళ తరబడి నిద్రపోతాయి. నువ్వు ఆల్చిప్పల తాళ్ళు వేలాడదీసే చోట తీసిన బురదను మూడు రోజులు మైక్రోస్కోపులో చూశాను. పొరపాటు పడ్డానేమోనని మళ్ళీ మొదటినుంచి చూశాను. కళ్ళు మండిపోతున్నాయి. చెంచాడు బురదలో వేలకొద్దీ ఉన్నాయి అన్నయ్యా. నీళ్ళు వేడెక్కితే లేస్తాయి. ఆల్చిప్పల్లో చేరిన వాటి విషం ఉడికించినా పోదు.

పోయినసారి విషమెక్కిన పంటంతా నువ్వు చేతులారా పారబోసిన సంగతి నాకు తెలుసు. అయినా ఈ ఏడాది పెంపకం ఆపాలనే రాశాను.

"సొంత అన్న కదమ్మా, సంతకం ఇంకొకరితో పెట్టిద్దాం" అన్నారు మా ఆఫీసరు. వద్దన్నాను. ఈ మాట పరాయివాళ్ళ ద్వారా నీకు తెలియడం నాకు ఇష్టం లేదు.

ఆదివారం వస్తాను. వదిన తలుపు తియ్యకపోతే గుమ్మంలోనే కూర్చుంటాను.

నీ చెల్లెలు